పాట వచ్చినప్పుడే సినిమా చూసే మనిషి

మా క్లాసు సారు నన్ను ఒక సినిమా మీద రాయమన్నాడు. క్లాసంటే పిల్లల క్లాసు కాదు. హన్మకొండలో ఒక గ్రంథాలయం వెనక గదిలో, వంటలు అయిపోయాక మధ్యాహ్నం పూట, నాలాంటి పెద్ద వయసు ఆడవాళ్ళు పదిమంది కూర్చుని అక్షరాలు దిద్దుకునే క్లాసు. 'అ' రాసేనాటికి నాకు యాభై అయిదు నిండాయి. ఇప్పుడు బస్సు మీద బోర్డు చదువుతాను, పేపరు చదువుతాను, కూడబలుక్కుంటూ కథలు కూడా చదువుతాను. మేము రాసినవన్నీ కలిపి సారు చిన్న పుస్తకం అచ్చు వేయిస్తాడు.

"టాకీసుల పదిహేనేండ్లు పనిచేసినవు. సినిమ గురించి నీకంటె మంచిగ ఎవరు రాస్తరమ్మా?" అన్నాడు.

రాయడానికి కూర్చున్నాను. నాలుగు వరుసలు రాశాను. అయిదో వరుసకు ఆ సినిమాలోని తండ్రి పక్కకు జరిగాడు, ఇంకో తండ్రి వచ్చి కూర్చున్నాడు. కూర్చుని, ఎప్పటిలాగే గొంతు సవరించుకున్నాడు. అందుకని ఇది సారు అడిగిన రాత కాకుండా పోయింది.

ముందు సినిమా సంగతి చెప్పేస్తాను. అది అరవ సినిమా. కాలేజీ పిల్లలు ఒక హాల్లో తెర కట్టి చూపించారు. మాటలన్నీ అరవంలోనే, కింద తెలుగు అక్షరాలు వస్తాయి. తండ్రి బస్సు కండక్టరు. కొడుకు కాలేజీలో చదువుతాడు. ఒకరోజు ఆ కొడుకు స్నేహితులతో కలిసి అదే బస్సు ఎక్కుతాడు. స్నేహితులకు తెలిస్తే నామోషీ అని, ఎవరో పరాయివాణ్ణి అడిగినట్టు తండ్రిని టికెట్ అడుగుతాడు. తండ్రి ముఖం మారదు. టికెట్ చించి చేతిలో పెడతాడు, "ముందుకు జరగండి సార్" అంటాడు. కన్న కొడుకును సార్ అంటాడు. హాల్లో చాలామంది అక్కడ ముక్కులు ఎగబీల్చారు.

నేను ఏడవలేదు. నాకు తీరిక లేదు. అక్షరాలు వచ్చి నేను సగం చదివేలోపే మాయమైపోతున్నాయి. పక్కన ఇంటర్ చదివే మా మనుమరాలు కూర్చుంది. నేను తడుముకోవడం చూసి నా చెవిలో చెప్పడం మొదలుపెట్టింది. "అమ్మమ్మా, నీ చొక్క గుండీ ఊడింది, ఇటియ్యి కుడ్త అంటుండు." "అమ్మమ్మా, ఇప్పుడు కొడుకు ఏమంటలేడు, ఊకెనే నిలబడ్డడు."

వెనక వరుస నుంచి ఒక అబ్బాయి, "ఆంటీ, జర చుప్ ఉంటరా? మేం సినిమ చూడొద్దా?" అన్నాడు. అని, తన ఫోను లైటు నా ముఖం మీద కొట్టాడు.

ఆ వెలుగు కళ్ళలో పడగానే నాకు సినిమా పోయింది. అలా ముఖాల మీద లైటు కొట్టే పని పదిహేనేళ్ళు నేను చేశాను.

వరంగల్ స్టేషన్‌కు దగ్గర్లో ఉండేది మా టాకీసు. ఇప్పుడు ఆ జాగాలో ఫంక్షన్ హాలు లేచింది. ఆడవాళ్ళ గేటు దగ్గరా, బెంచీల గేటు దగ్గరా నేనే. చేతిలో బ్యాటరీ లైటు. బెంచీ టికెట్ గులాబీ రంగు, కుర్చీ టికెట్ పసుపు, బాల్కనీ తెలుపు. రంగు చూసి లోపలికి పంపేదాన్ని. కుర్చీ టికెట్ల మీద నంబర్లు ఉండేవి. అవి నాకు రావు. రావని ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా మా నంబరు ఎక్కడ అని అడిగితే, "ఖాళీ ఉన్నకాడ కూసోండ్రి, సినిమ షురువైంది" అని కసిరేదాన్ని. కసిరితే మళ్ళీ అడగరు. చదువు రాదన్న సంగతిని కోపంతో కప్పుకోవడం నాకు అక్కడే అలవాటయ్యింది.

ఆయన అమాస నాడు వచ్చేవాడు. కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి. అమాస నాడు వాళ్ళు మగ్గం ముట్టరు. క్యాలెండరు చూడటం రాని నాకు, మధ్యాహ్నం ఆటకు ఆయన కనబడితేనే ఈరోజు అమాస అని తెలిసేది. ఉతికిన తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాల, దవడలో లవంగం. ఆయన మోచెయ్యి పట్టుకుని కొడుకు. ఇరవై దాటినవాడు, తండ్రి కంటే జానెడు పొడుగు. పుట్టుకతోనే చూపు లేదు.

మొదటిసారి ఆ సంగతి నాకు తెలియదు. ఆట మొదలయ్యాక బెంచీల వెనక మూల నుంచి ఒకటే గొణుగుడు. ఎవర్రా అని లైటు కొట్టాను. ఆ కొడుకు ముఖం మీద పడింది. రెప్ప వెయ్యలేదు. నాకు భయమేసింది.

"చెల్లె, ఆని మొఖం మీద ఎంతసేపు కొట్టినా ఏం గాదు," అన్నాడు ఆయన, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "నా మొఖం మీద కొట్టకు. నాకు సినిమ కనబడకుంటె ఆనికేం చెప్పాలె?"

అలా నాకు అన్న అయ్యాడు. ఆ కొడుక్కి నేను అత్తనయ్యాను. నా చేతి లైటు సంగతి తండ్రి చెప్పాడేమో, బ్యాటరీ అత్త అని పిలిచేవాడు.

ఎప్పుడూ అదే మూల, అదే బెంచీ. కొడుక్కి ఎడమ పక్కనే కూర్చునేవాడు. మగ్గం మీద కూడా తాను ఎడమ, కొడుకు కుడి. కుడి పక్కన కూర్చుంటే చెప్పడానికి మాట రాదట. ఆట మొదలయ్యే ముందు లవంగం ఇటు దవడ నుంచి అటు దవడకు మార్చి, గొంతు సవరించుకునేవాడు. ఇక ఆగేవాడు కాదు.

"ఇల్లు పెద్దది. మన వాడకట్టంత ఉన్నది. మెట్ల మీదికెళ్ళి ఒకామె దిగుతాంది. చీర మూడో కండె. అంచు అయిదోది. మొఖం కోపంగ పెట్టింది, గని ఉత్త కోపమే."

ఆ కండెల లెక్క నాకు అర్థం కాక ఇంటర్వెల్లో అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"మగ్గం కాడ ఆని ముందల రంగునూలు కండెలు వరుసగ పెడ్త చెల్లె. ఒకటి ఎరుపు, రెండు నలుపు, మూడు పసుపు, నాలుగు ఆకుపచ్చ, అయిదు నీలం, ఆరు తెలుపు. ఆ వరుస ఎన్నడు తప్పది. ఆడు చెయ్యి చాపితె రంగు దొర్కాలె. పసుపు ఎట్లుంటదో ఆనికి నేను చెప్పలేను. మూడోది అంటె ఆనికి ఎర్కే."

కొట్లాటలు వస్తే నోటితో చెప్పేవాడు కాదు. కొడుకు మోకాలి మీద చేత్తో కొట్టేవాడు. హీరో కొడితే రెండు దెబ్బలు, విలన్ కొడితే ఒకటి. ఒకటే దెబ్బ వరుసగా పడుతుంటే కొడుకు పళ్ళు బిగించేవాడు. వానలో డాన్సులు వస్తే మాత్రం ఆయన ఇబ్బంది పడేవాడు. ఒకసారి హీరోయిన్ తడిసి ఎగురుతుంటే, "ఆమె గుడి కాడ పూజ చేస్తాంది" అన్నాడు.

"పూజకు గింత మ్యూజిక్కా నాయినా?" అన్నాడు కొడుకు. ముందు మూడు బెంచీలు నవ్వాయి.

అలా నవ్వేవాళ్ళూ ఉండేవారు, విసుక్కునేవాళ్ళూ ఉండేవారు. "ఓ పెద్దమనిషీ, రేడియో బంద్ చెయ్" అని అరిస్తే, "టికెట్ లేకుంట ఇంటున్నవు, మళ్ళ లొల్లా?" అనేవాడు.

పాట వస్తే మాత్రం నోరు మూసేవాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, వెనక్కి ఆనుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని తెర వైపు చూసేవాడు. "పాటకు ఆనికి నేనక్కర లేదు. పాటచ్చినప్పుడే నేను సినిమ చూస్త చెల్లె," అన్నాడొకసారి. మూడు గంటల సినిమాలో ఆయన తన కోసం చూసుకున్నది ఆ అయిదు పాటలే.

ఇంకొక గుణం ఉండేది. ఆయన సినిమాల్లో ఎవరూ చనిపోరు. తెర మీద హీరోను పాడె ఎక్కించినా, "ఊరిడిసి పోయిండు, పట్నంల పని దొర్కింది" అనేవాడు. తల్లి చనిపోతే కాశీకి పోయేది. నేను ఆ సినిమాలను రోజుకు నాలుగు ఆటలు చూసినదాన్ని, నాకు దొరికిపోయాడు.

"గట్ల అబద్ధాలు చెప్తవేందన్నా?" అన్నాను.

"నెల దినాలు ఆడు ఈ సినిమనే తల్సుకుంట నేస్తడు చెల్లె. ఏడ్సుకుంట నేస్తె పోగులు తెగుతయి," అన్నాడు.

ఇక్కడి వరకు రాయడం తేలికగా ఉంది. ఇక రాయబోయేదానికి రెండు కాగితాలు చింపాను. మొదటి కాగితంలో 'జాగా లేదని చెప్పాను' అని రాశాను. రెండో దాంట్లో 'కోపంలో ఏదో అన్నాను' అని రాశాను. రెండూ అబద్ధాలే.

ఆ రోజు కొత్త సినిమా. గేటు నిండా జనం. కుర్చీ టికెట్ల మీద వచ్చిన ఒక కుటుంబాన్ని నేను వేరేవాళ్ళ సీట్లలో కూర్చోబెట్టాను. అసలువాళ్ళు వచ్చారు. గొడవయ్యింది. ఆ కుటుంబం పెద్ద బయటికి వచ్చి, టికెట్ నా ముక్కు ముందు ఆడించి, "దీని మీద ఏమున్నదో సదువు. సదువు!" అన్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. "సదువు రానిదాన్ని తెచ్చి గేట్ల నిలబెట్టిండ్రు" అని అందరికీ వినబడేలా అన్నాడు. చాయ్ బండి దగ్గర కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. నేను అన్నేళ్ళు దాచింది ఒక్క నిమిషంలో బజారున పడింది.

పది నిమిషాలు కాలేదు, ఆయన వచ్చాడు. కొడుకును కొంచెం దూరంలో పోస్టరు గోడ దగ్గర నిలబెట్టాడు. వాడు పోస్టరు మీద చేతివేళ్ళు ఆడిస్తూ నిలబడ్డాడు. ఆయన నా దగ్గరికి వచ్చి నోరు తెరిస్తే మాట రాలేదు, గాలి వచ్చింది. దగ్గరికి వంగితే వినబడింది.

"గొంతు పోయింది చెల్లె. పెద్ద దవాఖానల మాట్లాడొద్దన్నరు. ఈ ఒక్క ఆట నువ్వు ఆని పక్కన కూసోని చెప్పరాదు? పొద్దటాట చూసినవు గద."

రెండు గులాబీ టికెట్లు చేతిలో పట్టుకుని అడిగాడు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. చాయ్ బండి దగ్గర ఒకడు, "ఏందక్కా, సదువు రాకున్నా రేడియో పని అయితె దొర్కింది నీకు!" అన్నాడు.

వాణ్ణి అనాల్సిన మాట నేను ఆయన్ని అన్నాను. చిన్నగా కూడా అనలేదు.

"కండ్లు లేనోనికి సినిమ ఎందుకు? ఇంట్ల కూసోబెట్టుకోరాదు? నెలనెలా తెచ్చి మా పానం తింటవు."

ఇదీ నేను అన్న మాట. మార్చకుండా రాశాను.

ఆయన తల తిప్పి కొడుకు వైపు చూశాడు, వాడికి వినబడిందా అని. వాడి వేళ్ళు పోస్టరు మీద ఆగి ఉన్నాయి. ఆయన టికెట్లు రెండూ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళి కొడుకు చెవి దగ్గర వంగి ఏదో చెప్పాడు. కొడుకు తల ఊపాడు. ఇద్దరూ ఎండలో రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

పిలవచ్చు. పది అడుగులు కూడా పోలేదు. నేను తరువాతివాళ్ళ టికెట్ చించాను.

ఆ తరువాత అమాసలు నాకు తెలియడం మానేశాయి. కొన్నాళ్ళకు టాకీసు మూసేశారు. కొత్తవాడ ఎంత దూరం? స్టేషన్ నుంచి ఆటో ఎక్కితే పది నిమిషాలు. ఇన్నేళ్ళూ పోలేదు. ఏం ముఖం పెట్టుకుని పోతాను అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి, వాళ్ళు నన్ను మరిచిపోయి ఉంటారులే అనే ఆశతో బతికాను.

ఫోను లైటు ముఖం మీద పడిన మర్నాడు పోయాను. గల్లీ మొదట్లో రంగు నూలు ఆరేస్తున్న ఒకామెను, కొడుక్కి సినిమా చెప్పే పెద్దమనిషి ఇల్లు ఏది అని అడిగాను.

"ఆయన పోయి రెండేండ్లాయె. కొడుకు ఉన్నడు, పో," అని చెయ్యి చూపించింది.

ఇద్దరు కూర్చుని నేసే వెడల్పు మగ్గం. కొడుకు కుడి వైపున కూర్చుని చిన్న ఆసనం నేస్తున్నాడు. జుట్టు నెరుస్తోంది. ఎడమ వైపు కూర్చునే పలక ఖాళీగా ఉంది. దువ్వెన లాంటి ఇనుప పంజాతో పేక పోగుల మీద దెబ్బ వేస్తున్నవాడు ఆగి, "ఎవరు?" అన్నాడు.

"నేను బిడ్డా. టాకీసు కాడ..."

"బ్యాటరీ అత్తనా?" ముఖం విప్పారింది. "గీడ కూసో అత్తా. అమ్మ దుకాణంకు పోయింది."

అతను చూపించింది తండ్రి కూర్చునే పలకను. కూర్చోబోతుంటే నా చేతిసంచి తగిలి కండెలు కిందికి దొర్లాయి. గబగబా ఏరి వరుసగా పెట్టాను. అతను చేతులు ఆపకుండా మాట్లాడుతున్నాడు.

"ఆ గొంతు మళ్ళ రాలే అత్తా. ఆకరికి నా మోకాలు మీద కొట్టే చెప్పేటోడు. ఆకలైతె ఒకటి, నీళ్ళకు రెండు. నీ ముచ్చట తీసేటోడు చెవుల గుసగుసలాడినన్ని దినాలు. ఆ రోజు చెవుల ఏమన్నడో ఎర్కేనా? 'అత్త మస్తు బతిమిలాడింది రా లోపటోళ్ళను. గని హౌస్‌ఫుల్. మళ్ళ అమాసకు తప్పకుంట రమ్మన్నది' అన్నడు."

తల వంచుకుంటే నేత కనబడింది. పసుపు పూవు మధ్యలో రెండు వరుసలు ఆకుపచ్చ పడి ఉన్నాయి. మూడో కండె జాగాలో నేను నాలుగోది పెట్టాను.

పాత నేనైతే చెప్పకుండా లేచి వచ్చేదాన్ని.

"బిడ్డా, అది పసుపు గాదు. ఆకుపచ్చ. కండెలు నేనే కింద పడేసి తప్పు పెట్టిన."

అతను ఆగాడు. వేళ్ళతో ఆ రెండు వరుసలు తడిమాడు. పేకను ఒక్కొక్క పోగే లాగి విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూ, మెల్లగా అన్నాడు.

"నాయిన హౌస్‌ఫుల్ అన్నడు గని అత్తా, కౌంటర్ల టికెట్లు ఇంక ఇస్తనే ఉండ్రి. ఆ సప్పుడు నాకు ఇనవడ్తనే ఉండె."

టికెట్ల చప్పుడు వినబడినవాడికి నా గొంతు వినబడలేదా? నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. విప్పిన పోగును వేలికి చుట్టుకుంటూ, "ఏదన్న సినిమ చూసినవా ఈ నడుమ? చెప్పు," అన్నాడు.

చెప్పాను. కండక్టరు చొక్కా అయిదో కండె అన్నాను. బస్సు ఒకటో కండె అన్నాను. కొడుకు టికెట్ అడిగిన చోట అతని పంజా ఆగింది, మళ్ళీ కదిలింది. చివర్లో ఆ తండ్రి చనిపోతాడట, మా మనుమరాలు తరువాత చెప్పింది. పాత చొక్కా జేబులో, కొడుక్కి చించి ఇచ్చిన ఆ టికెట్‌కు మిగిలిన సగం దొరుకుతుంది. అక్కడికి వచ్చేసరికి ఆయన ఏం చెప్పేవాడో నాకు గుర్తొచ్చింది. గొంతు సవరించుకున్నాను.

"ఆ తండ్రి ఊరిడిసి పోయిండు బిడ్డా. వేరే ఊళ్ళె డ్యూటీ పడ్డది."

అతను నవ్వాడు.

"సచ్చిపోయిండు గద అత్తా? చుట్టు అందరు ముక్కులు చీదుతుంటె నాకు ఎర్కైతుండె గా దినాలల్ల గూడ. అయినా నాయిన చెప్తె నమ్మబుద్ధయ్యేది. నీకు అబద్ధం చెప్పరాదు."

మాఫీ అడగడానికి పోయినదాన్ని, వాళ్ళమ్మ వచ్చి పెట్టిన చాయ్ తాగి, నా క్లాసు సంగతి చెప్పి వచ్చాను. ఆయన కొడుకు ముందు నన్ను మంచిదాన్ని చేసి పెట్టి పోయాడు. ఆయన పలక మీదే కూర్చుని, ఆ మంచిదాన్ని నేను కాదని చెప్పడానికి నాకు ధైర్యం రాలేదు.

వచ్చేటప్పుడు గడప దగ్గర అతను, "సదువు నేర్సినవట గద. ఈసారి ఏదన్న పుస్తకం తెచ్చి సదువు అత్తా," అన్నాడు. తెస్తానన్నాను.

ఈ కాగితాలే తీసుకుపోతాను. ఆయన ఖాళీ పలక మీద కాదు, కింద కూర్చుని చదువుతాను. గేటు దగ్గర మాట వచ్చిన చోట ఆగకూడదు, గొంతు తగ్గించకూడదు, ఉన్నది ఉన్నట్టు చదవాలి. నిన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు పైకి చదివి చూసుకున్నాను. మిగతాదంతా బాగానే వచ్చింది. ఆ ఒక్క వరుస దగ్గరే, అన్నీ నాకు వచ్చిన అక్షరాలే అయినా, చదవలేకపోయాను.

ఇప్పుడు క్యాలెండరు చూడటం వచ్చు. అమాసకు ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి.